గర్దిష్ మింగిన దెబ్బ

మా పత్రిక పాత సంచికలు మీకెక్కడా దొరకవు. కాలిపోయాయి. కాల్చింది మా చందాదార్లే. ఈ మాట మొదటే ఎందుకు చెప్పేస్తున్నానంటే, మా గురించి రాస్తామని వచ్చే పెద్దమనుషులు ముందుగా పాత సంచికలు అడుగుతారు, లేవంటే మొహం చిట్లిస్తారు. చిట్లించుకోనీ. ఆ కాలిపోవడం వల్లే పత్రిక మూతపడబోయింది, ఆ ఏడాదే ఎవరూ ఊహించనంత గొప్పగా గెలిచింది. అదే చెబుతాను.

పత్రిక పేరు గర్దిష్. దోయ్రా డప్పుకి చుట్టూ ఉండే చెక్క చట్రాన్ని మేం అలా అంటాం. చర్మం చినిగితే ఇంకోటి బిగించుకోవచ్చు, చట్రం పోతే డప్పే పోయినట్టు.

నా పేరు సొబిరా. కోకంద్ పట్టు మిల్లులో దారం తీసేదాన్ని. సెలవు రోజుల్లో పెళ్ళిళ్ళకు పోయి ఆడవాళ్ళ వైపు దోయ్రా వాయించేదాన్ని. నాకు గురువు లేడు. ఆ రోజుల్లో ఉస్తాలు, అంటే గురువులు, దరువుల్ని నగల్లా మూటగట్టి దాచుకునేవాళ్ళు. శిష్యుడనేవాడు ఏళ్ళ తరబడి వాళ్ళింట్లో కట్టెలు కొట్టాలి, గొర్రెలు కాయాలి, అప్పుడు దయ కలిగితే ఒక దరువు. మర్గిలాన్ దరువు కోకంద్ వాడికి తెలియకూడదు, కోకంద్ దరువు నమంగాన్ వాడికి తెలియకూడదు, ఆడదానికైతే ఏదీ తెలియకూడదు. నాకు ఒళ్ళు మండేది. నడివీధిలో, వందమంది ముందు మోగించిన దరువు నీ ఒక్కడిదే ఎలా అవుతుంది? మోగించావు, గాలిలో కలిసింది, ఇక అది ఊరిది. ఈ మాట ఊరూరా వినపడేలా అనాలంటే పత్రిక కావాలి. మాస్కో పట్టు కాస్త సడలిన రోజులవి. పెట్టేశాను.

మిల్లు వార్తాపత్రిక అచ్చువేసే యంత్రం ఒకటి మూలపడి ఉండేది. దాని దగ్గర అక్షరాలు కూర్చే హమ్దమ్ అనే బక్కమనిషి ఉండేవాడు. సంగీత పాఠశాలల్లో రాసే గీతలు, తోకలు మా వాళ్ళెవరికీ అర్థం కావు. అందుకని నేనూ హమ్దమ్ కూర్చుని మా సొంత పద్ధతి పెట్టుకున్నాం. డప్పు నడిమధ్యన కొట్టే 'బుమ్'కి నల్ల సున్న. అంచున కొట్టే 'బక్'కి తెల్ల సున్న. అంతే. గొర్రెల కాపరి కూడా చదువుకోగలడు. అచ్చయిన కట్టలు బస్సు డ్రైవర్ల చేతికిచ్చేవాళ్ళం, మా ఊళ్ళన్నీ ఉన్న ఈ లోయంతా చేరిపోయేవి.

ఊళ్ళో అందరికంటే గొప్ప దోయ్రా వాయిద్యగాడు మమసాలి ఉస్తాకి మా పత్రిక పేరు చెబితే తిన్నది అరిగేది కాదు. ఒకసారి చాయ్‌ఖానా ముందు నుంచి పోతుంటే చాయ్ తాగే మంచం మీద నుంచే పిలిచాడు.

"ఏమే పట్టుమిల్లు పిల్లా, ఈసారి ఎవరి దరువు దొంగిలించావు?"

"మీదే ఉస్తా. మొన్న ఖాన్ వీధి పెళ్ళిలో వాయించారుగా, పావురం దరువు. కడుపునిండా విన్నాను, అచ్చేశాను."

"అది మా నాన్నది. నా ఇద్దరు కొడుకులకి తప్ప ఎవరికీ చెప్పలేదు."

"వీధిలో వాయిస్తే చెప్పినట్టే."

"నీ సున్నాలు, నువ్వూను. గుడ్లు పెట్టిన కోడిలా ఉంది నీ పత్రిక. నేను దాన్ని చచ్చినా చూడను."

చూడలేదు కూడా. మాట మీద నిలబడే మనిషి. అది తర్వాత మాకు పనికొచ్చింది.

మాస్కో నుంచి మా దేశం విడిపోయాక కాగితం కరువు వచ్చింది. మాకు కాగితం ఇచ్చే ప్రాంతీయ సంస్కృతి సంఘానికి బోతిర్ సలిమొవిచ్ అనే ఆయన అధ్యక్షుడుగా వచ్చాడు. చెడ్డవాడని అనను. పెన్సిళ్ళు వరసగా పెట్టుకునే రకం. ఒకరోజు నన్ను పిలిపించి, చాయ్ పోయించి, మెల్లగా చెప్పాడు.

"అక్కా, మీ పత్రికని రాజధానిలో వచ్చే కళల పత్రికలో కలిపేస్తున్నాం. దోయ్రాకి ఒక పేజీ ఇస్తారు. చివర్లో, గళ్ళ నుడికట్టు పక్కన."

"మా యంత్రం?"

"సబ్బు కర్మాగారం వాళ్ళు అడుగుతున్నారు. పైకాగితాలు అచ్చేసుకోవడానికి."

"ఎందుకు కలపాలి? మాకేం రోగం?"

"మిమ్మల్ని ఎవరూ చదవడం లేదక్కా. మా వాళ్ళు ఊళ్ళు తిరిగి చూశారు. దోయ్రా వాయించేవాళ్ళ ఇళ్ళల్లో మీ పత్రిక ఒక్కటంటే ఒక్కటి కనపడలేదు. చందాదార్ల పేర్లు మాత్రం బోలెడున్నాయి. నేనేమనుకోవాలి?"

దొంగ పేర్లు రాసుకున్నానంటాడన్నమాట. లేచి నిలబడ్డాను.

"మీ కారు తీయండి. నేను చూపిస్తాను."

తీశాడు. ముందు రిష్తాన్ పోయాం. అక్కడ యుల్దాష్ అని, పగలు కుండలకి రంగులు వేస్తాడు, పెళ్ళిళ్ళకి దోయ్రా పట్టుకుంటాడు. మొదటి సంచిక నుంచి మా చందాదారు. రొట్టె విరిచి ముందు పెట్టాడు, చాయ్ పోశాడు. గర్దిష్ తీసుకురా అన్నాను. అతని మొహం మాడిపోయింది.

"లేదక్కా."

"ఏ సంచికైనా పర్లేదు."

"ఏదీ లేదు. నా ఇంట్లో ఎందుకుంటుంది?"

బోతిర్ సలిమొవిచ్ నా వైపు చూడకుండా రొట్టె నములుతున్నాడు. అంతలో యుల్దాష్ పెళ్ళాం వంటింట్లోంచి వచ్చి, "అదేంటయ్యా, బొంతల మధ్య పెట్టావుగా ఒకటి. మొన్న దులుపుతుంటే కింద పడింది" అని తెచ్చి నా చేతిలో పెట్టింది. కిందటి సంచిక. నా ప్రాణం లేచివచ్చింది. యుల్దాష్ ప్రాణం మాత్రం పోయినట్టుంది. చెవులు కూడా ఎర్రబడ్డాయి.

"నాది కాదు. పక్కింటోడిది."

"పక్కింటోడికి డప్పు పట్టుకోవడమే రాదుగా" అంది ఆవిడ.

"నువ్వు లోపలికి పోవే."

నాకేం అర్థం కాలేదు. నా పత్రిక ఇంట్లో ఉంటే ఇంత సిగ్గేమిటి? బోతిర్ సలిమొవిచ్ మాత్రం కారెక్కుతూ, "ఒకటి దొరికింది, సంతోషం. అదీ దాచిపెట్టుకున్నారు" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే జాలిపడ్డాడు. అది ఇంకా మండింది నాకు.

మర్గిలాన్‌లో గోఫిర్ అలా దాచే మనిషి కాదు. ఇనుప పళ్ళు, పెద్ద గొంతు, దేనికీ సిగ్గులేదు. ద్రాక్షపందిరి కింద కూర్చోబెట్టి సంగతేమిటని అడిగాడు. చెప్పాను. అతనికి కోపం వచ్చింది.

"నన్నేమనుకున్నావక్కా? పాత సంచిక ఇంట్లో పెట్టుకునేంత చేతకానివాడిలా కనిపిస్తున్నానా?"

"అదేంటి?"

"నీకు నిజంగా తెలీదా? అవునులే, నువ్వు ఆడవాళ్ళ వైపు. మీరు డప్పు వంటింటి పొయ్యి మీద కాచుకుంటారు. మాకు వీధిలో మంట వేసుకోవాలిగా. బస్సులో పత్రిక వస్తుంది. అందరం చుట్టూ చేరతాం. నోటితో చదువుతాం, బుమ్ బక బక బుమ్ అని. తొడల మీద కొట్టుకుంటాం. చేతికి వచ్చేసిందా, ఆ కాగితంతోనే మంట వేసి, ఆ మంట మీదే డప్పు కాచుకుని, ఆ దరువే పెళ్ళిలో వాయిస్తాం. చేతికి రానోడే కాగితం దాచుకుంటాడు. ఎవడింట్లోనైనా గర్దిష్ కనిపిస్తే ఏడాదంతా ఏడిపిస్తాం. పైగా నీ కాగితం పొగ రాకుండా మండుతుందక్కా. రాజధాని పేపర్లు ఉన్నాయే, వాటితో చర్మం నల్లబడిపోతుంది."

మెచ్చుకుంటున్నాననుకుంటున్నాడు. యుల్దాష్ చెవులు ఎందుకు ఎర్రబడ్డాయో అప్పుడు తెలిసింది. నేను రాత్రనకా పగలనకా కూర్చిన సున్నాలన్నీ వీళ్ళు అగ్గి రాజేసుకోవడానికి వాడుకున్నారు. తిట్టాలని నోరు తెరిచాను. బోతిర్ సలిమొవిచ్ అడ్డం వచ్చాడు.

"చదివి కాల్చామంటావు. చదవకుండా కాల్చలేదని నేనెలా నమ్మను?"

గోఫిర్ లేచాడు. మేకుకి తగిలించిన డప్పు తీశాడు, అరచేత్తో చర్మం రుద్దాడు. "ఏ సంచిక కావాలో అడగండి" అని, అడిగేలోపే మొదలుపెట్టాడు. పావురం దరువు. మమసాలి ఉస్తా పావురం. నేను అచ్చేసినదే. రెక్కలు కొట్టినట్టు వేళ్ళు ఆడుతున్నాయి. మొదటి వరస చివరికి వచ్చాక అక్కడ ఒక పెద్ద బుమ్ పడాలి. పడలేదు. అక్కడ అతను చెయ్యి గాల్లో ఆపి, భుజం ఒకటి పైకెత్తి, మళ్ళీ అందుకున్నాడు. రెండో చుట్టులోనూ అంతే.

"ఆగు. అక్కడ బుమ్ ఏది?"

"ఏ బుమ్?"

"వరస చివర్లో. పావురం వాలేది అక్కడే కదా."

"లేదక్కా. నువ్వు వేయలేదు."

"వేశాను."

"నేను నోటితో చదివి నేర్చుకున్నా. తెల్ల సున్న, తెల్ల సున్న, తర్వాత ఖాళీ. ఖాళీ అంటే ఆగమని. ఎంత బాగుంటుందో తెలుసా? అక్కడ ఆడేవాళ్ళు భుజం ఎగరేస్తారు. ఇప్పుడు అది లేకపోతే మా పెళ్ళికూతుళ్ళు ఊరుకోరు."

హమ్దమ్. ఇంకెవరు? అతని పెట్టెలో నల్ల సున్నాలు ఎప్పుడూ తక్కువే. ఆ నెల వరస చివరికి వచ్చేసరికి అయిపోయి ఉంటాయి. చెప్పకుండా చెక్కముక్క పెట్టి బిగించేసి ఉంటాడు. తిరిగొచ్చాక అడిగితే, "కనపడకపోతే ఏమైందక్కా, అందరికీ తెలిసిన దరువేగా" అన్నాడు. నెత్తిన ఒకటి మొట్టాను. మొట్టాక వాణ్ణి ముద్దు పెట్టుకోబోయాను. ఎందుకంటే దారిలోనే నాకు ఆ తప్పు విలువ తెలిసింది. ఉస్తా వాయించగా విన్నవాడికి ఆ తప్పు రాదు. మా కాగితం చదివినవాడికే వస్తుంది. అది మా ముద్ర.

అదే కారులో బోతిర్ సలిమొవిచ్‌కి చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మర్గిలాన్‌లో ఒకడు ఒక దెబ్బ మరిచిపోయాడు. దాన్ని తీసుకెళ్ళి పైవాళ్ళకి ఎలా చూపించను? సభ పెడతాను. మీవాళ్ళని అన్ని ఊళ్ళ నుంచీ రప్పించండి. మమసాలి ఉస్తాని కూర్చోబెడతాను. ఆయన ఏం తేలిస్తే అది."

మమసాలి ఉస్తా. నా పత్రికని కోడిగుడ్లన్న మనిషి చేతిలో నా పత్రిక ప్రాణం.

సభ రోజుకి చలి ఇంకా పూర్తిగా పోలేదు. సంఘం భవనం వాకిట్లో మంచు కరిగి బురద బురదగా ఉంది. ఆందిజాన్, నమంగాన్, మర్గిలాన్, రిష్తాన్, చుస్త్, ఇంకా నేను పేరు కూడా వినని పల్లెల నుంచి దోయ్రా వాళ్ళు బస్సులు దిగారు. సగం మంది ఒకరినొకరు చూడటం అదే మొదటిసారి. మా ఆడవాళ్ళు కూడా వచ్చారు, నేను పిలవకుండానే. మగవాళ్ళు ఒక మూల మంట వేసుకుని డప్పులు కాచుకుంటున్నారు. నేను ఆ వైపు వెళ్ళలేదు. దేంతో రాజేశారో చూస్తే గుండె ఆగిపోతుంది.

ఆ బుమ్ సంగతి ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెబితే నేనే చెప్పి నేర్పించానంటారు. గోఫిర్‌ని కూడా నోరు మూసుకోమన్నాను. కానీ లోపల ఒకటే అనుమానం. గోఫిర్ ఒక్కడే అలా వాయిస్తున్నాడేమో. మిగతావాళ్ళు ఎక్కడో ఉస్తా వాయించగా విని, ఆ ఖాళీలో తమంత తామే బుమ్ వేసుకున్నారేమో. అలా అయితే అయిపోయినట్టే.

మమసాలి ఉస్తా మనవడి మోటారు సైకిల్ పక్క తొట్టిలో కూర్చుని వచ్చాడు. దళసరి దూదికోటు, నల్ల టోపీ, బురదలో పడకుండా మోకాళ్ళ దాకా తోలుబూట్లు. కుర్చీ వేస్తే కూర్చున్నాడు. బోతిర్ సలిమొవిచ్ వినయంగా అడిగాడు.

"ఉస్తా, వీళ్ళంతా ఈ పత్రిక చదివి నేర్చుకున్నారని అక్క అంటోంది. మీరేమంటారు?"

"కాగితం మీద దరువు నిలుస్తుందా? నీళ్ళ మీద మేడ కట్టమను. వీళ్ళు పెళ్ళిళ్ళ గుమ్మాల్లో నక్కి నక్కి విని దొంగిలించారు. వీళ్ళ తాతలూ అంతే."

"తేల్చేదెలా?"

ఉస్తా గడ్డం నిమురుకున్నాడు. "నా పావురం వాయించమను. ఇవాళ లోయలో అది నా ఇంటివాళ్ళకి తప్ప ఎవరికీ రాకూడదు. రాకపోతే ఈ పిల్ల పత్రిక ఉత్తది. వస్తే, నా పెళ్ళిళ్ళలో విని ఎత్తుకుపోయారన్నమాట. ఎలా అయినా పత్రికకి పని లేదు."

ముసలాడు రెండు వైపులా తలుపులు మూసేశాడు. ఆందిజాన్ వాళ్ళు నా వైపు చూశారు. కానివ్వండి అని చెయ్యి ఊపాను. ఇంకేం చేయగలను?

నమంగాన్ వాడు అందుకున్నాడు, తర్వాత అందరూ. వాకిలంతా ఒక్కసారి పావురాల గుంపు లేచినట్టయింది. పై అంతస్తు కిటికీలు తెరుచుకున్నాయి, టైపు కొట్టే అమ్మాయిలు తొంగిచూశారు. ఎన్నో ఊళ్ళు, ఎన్నడూ కలిసి వాయించని చేతులు. బక బక బుమ్, బక బక బుమ్. వరస చివరికి వస్తోంది. నేను పిడికిళ్ళు బిగించాను. బక, బక.

నిశ్శబ్దం.

ఒక్క డప్పు మోగలేదు. ఆ ఖాళీలో చట్రాల లోపలి ఇనుప రింగులు మాత్రం గలగలమన్నాయి. భుజాలు ఒక్క మనిషి భుజంలా పైకి లేచాయి, మా ఆడవాళ్ళవి కూడా. అంతలోనే మళ్ళీ దరువు. రెండో చుట్టు, అక్కడే నిశ్శబ్దం. మూడో చుట్టుకి పై కిటికీలో టైపు అమ్మాయి ఒకతి తనకు తెలియకుండానే భుజం ఎగరేసింది. తన అక్క పెళ్ళిలోనో, పక్కవీధి పెళ్ళిలోనో అలవాటైపోయి ఉంటుంది.

"ఆపండి" అన్నాడు ఉస్తా. లేచి నిలబడ్డాడు. "నా బుమ్ ఏది?"

ఆయన నేరుగా నమంగాన్ వాడి దగ్గరకు బురద తొక్కుకుంటూ నడిచాడు.

"నువ్వు. నన్ను ఏ పెళ్ళిలో విన్నావు?"

"వినలేదు ఉస్తా. మిమ్మల్ని చూడటమే ఇవాళ. పేరు విన్నాను, అంతే."

"మరి నీకిది ఎవడు చెప్పాడు?"

"గర్దిష్."

"నువ్వు?"

"గర్దిష్" అన్నాడు చుస్త్ వాడు.

"నువ్వురా ఇనప్పళ్ళోడా?"

"గర్దిష్ ఉస్తా. మంచి కాగితం."

ఉస్తా ఒక్కొక్కరినీ అడుగుతూ వరసంతా తిరిగాడు. యుల్దాష్ దగ్గరకొచ్చేసరికి అడగను కూడా అడగలేదు, చేత్తో తోసి ముందుకు పోయాడు. చివరికి బోతిర్ సలిమొవిచ్ ముందు నిలబడ్డాడు.

"రాసుకో. నన్ను విన్నవాడెవడూ ఆ దెబ్బ వదలడు. పావురం వాలేదే అక్కడ. కాళ్ళు లేని పావురాన్ని ఎవడైనా దొంగిలిస్తాడా? వీళ్ళు నా దగ్గర ఏమీ దొంగిలించలేదు. ఈ పిల్ల పత్రిక చదివి చెడిపోయారు. ఒక్కడు కాదు, లోయ లోయంతా కూర్చుని చదివింది, ఒక్కలా చెడిపోయింది."

"అంటే అందరూ చదివారని మీ తీర్పు?"

"చెవులు లేవటయ్యా నీకు? ఇంకేం చెబుతున్నాను?"

ఆయన ఏం అన్నాడో ఆయనకి అప్పటిదాకా తెలిసినట్టు లేదు. నేను నవ్వలేదు, ఒట్టు. గోఫిర్ నవ్వాడు. వాడు నవ్వాక ఇంకెవరిని ఆపగలం? వాకిలంతా నవ్వు, డప్పులు, చప్పట్లు. బోతిర్ సలిమొవిచ్ తన పెన్సిల్ జేబులో పెట్టుకున్నాడు. "విలీనం లేదు. యంత్రం మీ దగ్గరే ఉంటుంది. కాగితం కోటా నేను చూస్తాను" అని అందరూ వినేలా చెప్పాడు. ఆ మాట మీద నిలబడ్డాడు కూడా. రాజధాని నుంచి రెండుసార్లు గట్టిగా అడిగారని తర్వాత తెలిసింది. లోయ మొత్తం ఒకే తప్పు చేస్తోందని, అంతకంటే గొప్ప చదువరులు ఎక్కడా ఉండరని రాసి పంపాడట.

ఆ రోజు కోకంద్ బజారు గుండా డప్పులు వాయించుకుంటూ నడిచాం. ఆడవాళ్ళం ముందు, మగవాళ్ళు వెనక. అలా ఎన్నడూ జరగలేదు. రొట్టెల వాళ్ళు, పుచ్చపళ్ళ విత్తనాలమ్మే వాళ్ళు, పోలీసులు, అందరూ అదే చోట భుజం ఎగరేశారు.

మర్నాడు పొద్దున్నే మమసాలి ఉస్తా అచ్చు గదికి వచ్చాడు. తలుపు కొట్టలేదు, నెట్టుకుని వచ్చాడు.

"నా బుమ్ నాకు తిరిగివ్వు."

"ఇస్తాను ఉస్తా. పావురం మళ్ళీ అచ్చేస్తాను, సరిగ్గా. కానీ ఖాళీ ఉన్నది కూడా పక్కనే వేస్తాను. జనం దాన్ని వదలరు."

"దానికి నా పేరు పెట్టకు."

"గర్దిష్ పావురం అని పెడతాను."

ఆలోచించాడు. "కింద వెయ్యి. చిన్న సున్నాలతో." తర్వాత హమ్దమ్ పక్కన ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. ఒక్కో సున్న పెట్టెలోంచి తీసి బిగిస్తుంటే వేలితో చూపిస్తూ నోటితో చదివాడు. వరస చివరికి వచ్చేసరికి హమ్దమ్ చెయ్యి ఆగింది, నల్ల సున్న కోసం వెతుకుతున్నాడు.

"ఏంటి, మళ్ళీ అయిపోయాయా?"

"ఒకటే ఉంది ఉస్తా."

"ఇక్కడ పెట్టు. నీ తక్కిన దరువుల్లోంచి పీకు. దీంట్లోంచి కాదు."

అది అయ్యాక ఎవరూ అడగకుండానే, యంత్రం వైపు చూస్తూ అన్నాడు. "మా నాన్నవి ఇంకా ఉన్నాయి. కొంగ దరువు, గోధుమ దరువు, పెళ్ళికూతురు గడప దాటే దరువు. నా కొడుకులకి వేళ్ళు సరిగా తిరగవు. వాళ్ళతో అవి పోతాయి. రాసుకుంటావా?"

రాసుకున్నాను. సాయంత్రం దాకా ఆయన వాయిస్తూనే ఉన్నాడు, నేను రాస్తూనే ఉన్నాను. హమ్దమ్ పెట్టెలో నల్ల సున్నాలు చాలక కొత్తవి పోయించడానికి సీసం కరిగించేవాడి దగ్గరకు పరిగెత్తాడు.

కట్టలు తయారయ్యాక బస్‌స్టాండుకి మోసుకెళ్ళాం. డ్రైవర్ చేతిలో పెట్టబోతుంటే ఉస్తా లాక్కున్నాడు.

"వీడు దారిలో ఎక్కడో పడేస్తాడు."

"ఇన్నేళ్ళూ ఎన్నడూ పడేయలేదు ఉస్తా."

వినలేదు. కట్ట చంకలో పెట్టుకుని బస్సెక్కి డ్రైవర్ వెనక సీట్లో కూర్చున్నాడు. మర్గిలాన్‌లో దిగి, గోఫిర్ ఇల్లు కనుక్కుంటూ పోయి, ఆ ద్రాక్షపందిరి కింద కూర్చుని కొంగ దరువు వాడి చేతికి వచ్చేదాకా లేవలేదట. మర్గిలాన్ వాడికి కోకంద్ దరువు, కోకంద్ ఉస్తా స్వయంగా వెళ్ళి చెప్పడం. ఈ మాట మా అమ్మకి చెబితే నమ్మలేదు. వారం తర్వాత ఉస్తా మళ్ళీ అచ్చు గదికి వచ్చి, ఆవిడ ఎదుటే, "తర్వాతి కట్ట ఎప్పుడు? ఈసారి నమంగాన్ పోతాను" అన్నాక నమ్మింది.